రైబోసిక్లిబ్‌తో పాటు అటోర్వాస్టాటిన్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది గుంటూరు. అమ్మకి రొమ్ము క్యాన్సర్, లెట్రోజోల్‌తో పాటు రైబోసిక్లిబ్ మొదలుపెట్టబోతున్నారు. కొలెస్ట్రాల్‌కి ఏళ్లుగా అటోర్వాస్టాటిన్ వేసుకుంటోంది. "అది క్యాన్సర్‌కీ మంచిదంట, డోసు పెంచమని అడుగు" అని బాబాయి ఒకటే పోరు. 2012లో వచ్చిన డెన్మార్క్ పరిశోధనలో స్టాటిన్లు (అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులు) వాడేవాళ్లలో క్యాన్సర్ మరణాలు 15 శాతం తక్కువన్న మాట నిజమే. కానీ అది రికార్డులు చూసి చెప్పిన లెక్క, ఆ మందు వల్లే తగ్గాయని తేలినట్టు కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ప్రవాస్టాటిన్ అనే ఇంకో స్టాటిన్ ఇచ్చి చూసిన ట్రయల్‌లో లాభమేమీ కనపడలేదు.

నా టెన్షన్ వేరే. రైబోసిక్లిబ్ వల్ల అటోర్వాస్టాటిన్ ఒంట్లో పేరుకుని కండరాలు దెబ్బతినొచ్చట. రెండూ కలిపి వాడినవాళ్లకి డాక్టర్ డోసు తగ్గించారా, రోసువాస్టాటిన్‌కి మార్చారా? కాళ్ల నొప్పులొస్తే సీపీకే టెస్టు (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష) రాశారా? సోమవారం మా డాక్టర్ గారిని అడగాల్సినవి రాసుకుంటున్నాను. గుంటూరు, విజయవాడ వాళ్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.