అప్‌డేట్: ఫ్యాన్ తిరుగుతోంది, తప్పు మోటార్‌ది కాదు

ట్రాఫిక్‌లో ఆగితే చాలు కారు టెంపరేచర్ ముల్లు ఎక్కిపోతోంది, రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదు అని పోయిన వారం అడిగాను కదా. దొరికింది.

ఫ్యూజ్ బాగానే ఉంది. రిలే (ఫ్యాన్‌కి కరెంట్ ఇచ్చే స్విచ్ లాంటిది) మీద గట్టి అనుమానం ఉండేది. అదే రకం హారన్ రిలే తీసి పెట్టి చూశా, తేడా లేదు. మీరు చెప్పినట్టు మోటార్‌కి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే గిర్రున తిరిగింది.

ఆ తర్వాత మల్టీమీటర్ నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. ఏసీ ఆన్ చేసి (అప్పుడు ఈ ఫ్యాన్‌కి కరెంట్ రావాలి), ఊడదీసిన ఫ్యాన్ కనెక్టర్ (వైర్ల ప్లగ్) దగ్గర చూస్తే శుభ్రంగా 12 చూపిస్తుంది! తిరిగి తగిలించి వెనక నుంచి మీటర్ ప్రోబ్ పెడితే 4 కూడా లేదు. లోడ్ పడగానే, అంటే మోటార్ కరెంట్ లాగగానే, వోల్టేజ్ పడిపోతోందన్నమాట. టార్చ్ వేసి చూస్తే ప్లగ్‌లో ఒక పిన్ నల్లగా మాడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది.

బ్యాటరీ నెగటివ్ తీసేసి (ఇంజిన్ ఆపినా ఈ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు, వేళ్లు జాగ్రత్త) కొత్త కనెక్టర్ వేశా. ఐడిల్‌లో ఉంచితే ముల్లు సగం దాటగానే ఫ్యాన్ వచ్చింది, కాసేపటికి ఆగింది. మోటార్ పాతబడి ఎక్కువ కరెంట్ లాగడం వల్లే పిన్ మాడిందేమో. వారం తర్వాత ప్లగ్ మళ్ళీ ఊడదీసి చూస్తా.