అన్‌సీ నగరంలో ప్రాంజీ ఊరిని కలపడం సరైన పనేనా?

ఆల్ప్స్‌వాసి:
ఫ్రాన్స్‌లో స్విస్ సరిహద్దుకు దగ్గర్లో అన్‌సీ నగరం, దానికి ఉత్తరాన ప్రాంజీ. సుమారు 4,000 మంది ఉండే చిన్న కమ్యూన్, అంటే సొంత మేయరు, సొంత కౌన్సిలు ఉన్న ఊరు. 2017 జనవరి 1న ఈ రెండూ, చుట్టుపక్కల మరో నాలుగూ కలిసి ఒకే కమ్యూన్ అయ్యాయి. ప్రాంజీకి ఇది అన్యాయమనే నా అభిప్రాయం. కౌన్సిళ్లన్నీ ఒప్పుకుంటే జనాన్ని అడగక్కర్లేదని అక్కడి చట్టం. ఊరు ఉండాలా వద్దా అన్నది ఊరివాళ్లను అడగకుండా ఎలా తేలుస్తారు?

గోదారిగట్టు:
ఊరు ఎక్కడికి పోయిందండీ? పాత ఆఫీసులోనే జనన ధ్రువపత్రాలు, పెళ్లిళ్లు. ఆ ప్రాంతానికి ప్రత్యేకంగా ఉపమేయరూ ఉన్నారు. ఫ్రాన్స్‌లో దాదాపు 35,000 కమ్యూన్లు, వాటిలో సగానికి 500 మంది జనాభా కూడా ఉండదు. ఆ ఏళ్లలో కేంద్రం గ్రాంట్లు కోస్తూ వచ్చింది. చిన్న ఊళ్లు బడి మరమ్మతులకు డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి?

ఆల్ప్స్‌వాసి:
గ్రాంట్ల కోత నిజమే. కానీ బస్సులు, తాగునీరు, చెత్త చూసేది గ్రాండ్ అన్‌సీ అనే 34 కమ్యూన్ల సమాఖ్య. దానికి విలీనం అక్కర్లేదు. ప్రాంజీ పక్కనున్న ఎపాన్యీ, మెట్స్ టెస్సీ 2016లో తమలో తాము కలిసి విడిగానే ఉన్నాయి కదా.

అసలు బాధ ఎన్నికల దగ్గర. హైదరాబాద్‌లోలా డివిజన్‌కో కార్పొరేటర్ అక్కడ ఉండరు. నగర కౌన్సిలుకు నగరమంతటికీ ఒకే జాబితా మీద ఓటేస్తారు. పెద్ద నగరాల్లో పారిస్, లియోన్, మార్సెయ్‌లలో మాత్రం 2020 ఎన్నికల దాకా ప్రాంతాలవారీగా ఓటేసేవారు. సుమారు లక్షా ముప్పై వేల మంది నగరంలో ప్రాంజీకంటూ ఒక్క సీటుకీ హామీ లేదు. మీరన్న ఉపమేయర్ని ఎన్నుకునేదీ నగర కౌన్సిలే, ప్రాంజీ జనం కాదు.

సీమబిడ్డ:
ఎపాన్యీతో పోలిక కుదరదు. అక్కడ పెద్ద షాపింగ్ జోన్ ఉంది, ఆదాయం వేరు. ఇంకో సంగతి, ప్రాంజీ నుంచి అన్‌సీకి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఆ నగరం రోడ్ల మీద, పార్కింగ్ మీద ఇదివరకు ఓటు లేదు. ఇప్పుడుంది. అది లెక్కలోకి రాదా?

ఆల్ప్స్‌వాసి:
వస్తుంది. అందుకే విలీనాలే వద్దని నేననను. పాత కమ్యూన్లు ఒక్కోదానికి కౌన్సిల్లో కొన్ని సీట్లు కేటాయిస్తే నా అభ్యంతరం సగం తీరుతుంది. ఆ ఏర్పాటు వచ్చేదాకా, కలిపే ముందు ప్రతి ఊళ్లోనూ జనం ఓటు తప్పనిసరి చేయాలి.