శ్రీనాథుని చాటువు: ‘రుచుల్’ అనాలా, ‘రుచులు’ అనాలా?

అమలాపురం సభ్యుడు: నిన్న మిత్రుల ఇంట బెంగళూరు అమృత్ వారి పీటు (ఎండబెట్టి కాల్చే బురదనేల మట్టి) పొగ పట్టిన విస్కీ రుచి చూశాను. ఇతర పీపాల సరుకు కలపకుండా ఒకే పీపా నుంచి సీసాలకు ఎత్తినది, చివర కొంతకాలం పోర్టు వైను పీపాలో ఊరినది. ముక్కు దగ్గర పెట్టగానే తడి కొబ్బరిపీచు రాజుకున్నప్పటి పొగ వాసన వచ్చింది. రెండు చుక్కల నీరు వేసి కాసేపు ఉంచిన తరువాతనే ఎండుద్రాక్ష తీపి, దాని వెనుక నేరేడు వగరు తేలాయి. పక్కనున్నవారు ఆ పొగ దోషమని గ్లాసు పెట్టేశారు. కన్నడ దేశపు సరుకు కదా, అక్కడ తన పాట్లను కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకున్న శ్రీనాథుని చాటువులోని ‘రుచుల్ దోసంబంచుఁ బోనాడితిన్’ నాకు వెంటనే మెదిలింది. దాని ముందు మాటలేమిటి? ఇక్కడ దోసం రుచిదా, రుచి కోరేవాడిదా?

రాజమహేంద్రవరం సభ్యుడు: ముందు మాటలు ‘చల్లా యంబలి ద్రావితిన్’. అయితే అది ‘రుచులు’ అండీ. శార్దూలంలో ‘వితిన్రు’ జగణం, ‘చులుదో’ సగణం. ‘రుచుల్’ అంటే ఆ సగణం పడిపోతుంది.

ద్రాక్షారామం సభ్యుడు: మా పెద్దల నోట విన్నది ‘రుచుల్’. చాటువులు నోటి మీద బతికినవి గనుక గణాలు చూపి పాఠాన్ని కొట్టివేయలేము. అసలు చూడవలసింది ‘చల్లా’లోని దీర్ఘం; మాట ‘చల్ల’, అంటే మజ్జిగ. మా భీమేశ్వరుని క్షేత్రాన్ని భీమఖండంలో అంత వైభవంగా వర్ణించిన మహాకవి, కేవలం మగణం నింపడానికి దీర్ఘం సాగదీశాడంటే నా మనసు ఒప్పుకోదు. పైగా వెల్లుల్లినీ నువ్వులపిండినీ కూడా పద్యానికెక్కించిన నాలుక ఆయనది.

రాజోలు సభ్యురాలు: మాస్టారూ, దీర్ఘం సంగతి అలా ఉంచి దోసం చూద్దాం. కార్చిచ్చు పొగ తగిలిన ద్రాక్షతో చేసిన వైనుకు ఆ వాసన దోషమే. విస్కీకి మాత్రం మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పీటు కాల్చి అదే పొగను కోరి పట్టిస్తారు. పోర్టు తయారీలో ద్రాక్షరసం పులుస్తుండగానే ద్రాక్ష సారాయి పోసి పులియడాన్ని ఆపుతారు కాబట్టి చక్కెర మిగిలిపోతుంది. అలాంటి వైను పీల్చుకున్న చెక్క పొగ మీద తీపి పూత వేస్తుంది. స్కాట్లండులో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైతే బెంగళూరు వేడికి 10 శాతం దాకా పోతుంది, చెక్క కూడా త్వరగా పనిచేస్తుంది. కనుక దోసం వస్తువులో లేదు. ‘అంచు’ అంటే ‘అనుచు’. దోసమని తనకు తాను చెప్పుకుని శ్రీనాథుడు రుచులను వదులుకున్నాడు.

రాజమహేంద్రవరం సభ్యుడు: అమ్మా, ‘అంచు’ను అంత లాగకూడదు. అదే పద్యంలో చెప్పిన విశ్వస్త, అంటే విధవ, వడ్డించిన ఆ తిండి ముందు రుచి ఎంచడమే దోసమనుకున్నాడని నా అన్వయం.

అమలాపురం సభ్యుడు: మీ అన్వయమే నిజమైతే, నిన్న గ్లాసు పెట్టేసినవారికి ఈ పాదం వర్తించదు. వారు రుచి ఎంచి వదిలారు. నాకు మాత్రం రాజోలు వారి ‘అంచు’ మీదే మొగ్గు ఉంది.

ద్రాక్షారామం సభ్యుడు: ‘చల్లా’ దీర్ఘానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.