లాబ్రడార్ కుక్క కాళ్లు నాకడం ఆపట్లేదు, ముందు ఏ పరీక్ష చేయించాలి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రెండేళ్ల మగ లాబ్రడార్, 31 కిలోలు. వానలు మొదలైనప్పటి నుంచీ ముందు పాదాలు అదేపనిగా నాకుతోంది, రాత్రి పదింటి తర్వాత మరీ ఎక్కువ. వేళ్ల సందుల్లో ఎర్రగా, జిగటగా ఉంది, అక్కడి వెంట్రుకలు ఇటుక రంగుకి తిరిగాయి. చెవులు, వెనక కాళ్లు బాగానే ఉన్నాయి. గోమార్లు లేవు, వాటి మాత్ర నెలనెలా వేస్తున్నాం.

డాక్టరు గారు ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ (దురద తగ్గించే స్టెరాయిడ్ మందు) వాడినన్నాళ్లూ తగ్గింది, ఆపిన వారంలోనే మళ్లీ మొదలు. క్రిముల్ని, ఫంగస్‌ని చంపే క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన షాంపూ పది నిమిషాలు ఉంచి కడిగి, సందులు పొడిగా తుడుస్తున్నాం. ముక్కిపోయిన వాసన పోయింది గానీ నాకుడు పోలేదు. కాలవగట్టు మీద బురదలో తిప్పడం మానేసి సిమెంటు రోడ్డుకి మార్చినా అంతే. నాకకుండా మెడ చుట్టూ కోన్ కడితే రాత్రంతా గోడలకి గుద్దుకుంటూ తిరిగి ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. వేపాకు, పసుపు నూరి రాయమంటున్నారు, రాసిన మరుక్షణం నాకేసేదానికి అదేం పనిచేస్తుంది?

తిండి మొదటినుంచీ అన్నం, ఉడికించిన కోడిమాంసం. ఎలర్జీ అనుకుని కోడి పూర్తిగా మాన్పించి ఎనిమిది వారాలు చూడాలా, లేక ముందు చర్మం నుంచి శాంపిల్ తీయించి ఫంగస్, గజ్జి పురుగుల పరీక్ష చేయించాలా? ఇదే సమస్య చూసినవాళ్లు చెప్పండి, మీకు దేనితో కారణం తేలింది?