ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఆడిన వికాష్ ధొరసూని తెలుగువాడు అనవచ్చా?

ఎంవీపీ క్విజ్ మాస్టర్:
మా కాలనీ పిల్లల క్విజ్‌లో ‘ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఆడిన తెలుగువాడు ఎవరు?’ అని అడిగాను. జవాబు వికాష్ ధొరసూ. ఒకే ఒక్క జట్టు చెప్పగలిగింది. ఓడిన జట్టు పిల్లవాడి తండ్రిగారు లేచి, ‘అతను ఫ్రాన్స్ దేశస్థుడు, ప్రశ్నే చెల్లదు, మార్కు తీసేయండి’ అని పట్టుబట్టారు. విశాఖ ఫుట్‌బాల్ అభిమానులు తేల్చాలని ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివారి కోసం: ధొరసూ 1973లో ఫ్రాన్స్‌లో, లె ఆవ్ర్ రేవు పక్కనున్న అర్‌ఫ్లర్‌లో పుట్టాడు. కుటుంబం మారిషస్ తెలుగువారిది. పూర్తి పేరు వికాష్ రావు ధొరసూ. లె ఆవ్ర్ క్లబ్బులో పైకొచ్చి, లియాన్ క్లబ్బుతో 2003, 2004 ఫ్రెంచ్ లీగ్ టైటిళ్లు గెలిచాడు. తర్వాత ఏసీ మిలాన్, పారిస్ సెయింట్ జర్మన్ క్లబ్బులు. 2006లో ఫ్రాన్స్ ప్రపంచకప్ జట్టులో ఉన్నాడు. మార్కు తీయడం నాకు ఇష్టం లేదు.

పెదవాల్తేరు పాఠకుడు:
తీసేయండి మాస్టారూ. ఆ తండ్రిగారు అడిగిన పద్ధతి ఎలా ఉన్నా, అడిగింది న్యాయం.

ప్రపంచకప్‌లో ఆయన స్విట్జర్లాండ్, దక్షిణ కొరియా మ్యాచ్‌ల చివర్లో దిగాడు. రెండూ కలిపి పావుగంట చిల్లర. నా పేచీ నిమిషాలతో కాదు. ఆ పావుగంట వరకు అతన్ని తీసుకెళ్లింది ఎవరు? ఊరి క్లబ్బు, అక్కడి కోచ్‌లు, ఫ్రాన్స్ ప్రభుత్వం వేసిన మైదానాలు. ఎవరో నీళ్లు పోసి పెంచిన చెట్టుకు కాయ కాశాక మన పేరుతో బోర్డు తగిలించడం ఏం మర్యాద?

ఇంకో సంగతి. సునీల్ ఛెత్రి 1984లో సికింద్రాబాద్‌లో పుట్టాడు, తండ్రి సైన్యంలో ఉద్యోగి. 2024లో రిటైరయ్యే నాటికి దేశానికి 94 గోల్స్ కొట్టాడు, మరుసటి ఏడు మళ్లీ వచ్చి ఆడాడు. అతన్ని తెలుగువాడని మీరెవరైనా అన్నారా? అనలేదు, ఎందుకంటే ఇంటిపేరు మనది కాదు. మన నేల మీద పుట్టినవాడు మనవాడు కాడు, మన నేల తొక్కని కుటుంబంలో పుట్టినవాడు మనవాడు! ఈ లెక్క నాకు అర్థం కాదు.

కొండదిగువ, సింహాచలం:
అయ్యా, ‘నేల తొక్కని కుటుంబం’ అని అంత తేలిగ్గా అనకండి. ఆ నేలను వాళ్లు సరదాగా వదిలిపెట్టలేదు. 1834 తర్వాత చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా మన తీరం నుంచి కోరంగి మీదుగా, ఇతర రేవుల మీదుగా మారిషస్‌కు మనుషుల్ని ఓడల్లో ఎక్కించారు. అక్కడ ఈనాటికీ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు, రామభజనలు చేస్తారు.

మా దుకాణం కొండ కింద, మెట్ల మొదలైన తొలిపావంచా దారిలో ఉంది. మారిషస్ నుంచి వచ్చిన ఒక కుటుంబం కిందటేడు కొబ్బరికాయలు కొన్నారు. తమలో తాము క్రియోల్ (మారిషస్ వాడుక భాష) మాట్లాడుకుంటున్నారు, నాతో వచ్చీరాని ఇంగ్లిష్. పెద్దావిడ సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసింది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న తెలుగు భజన. వేలు పెట్టి ఒక్కో ముక్క కూడబలుక్కుంటూ మెట్లెక్కింది, ఎక్కడా తప్పు పోలేదు. ఆమెను తెలుగు మనిషి కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. ధొరసూ విషయంలోనూ అంతే. మార్కు ఇవ్వాల్సిందే.

పెదవాల్తేరు పాఠకుడు:
ఆ పెద్దావిడ తెలుగు మనిషే, ఆమె అలా అనుకుని కొండెక్కింది కనుక. ధొరసూ అలా అన్నాడా అన్నదే ప్రశ్న. ఆయన ఫ్రాన్స్‌కు 18 మ్యాచ్‌లు ఆడాడు. అది ఆయన ఎంచుకున్న జెండా.

జగదాంబ వకీలు:
భావోద్వేగాలు కాసేపు పక్కన పెట్టి నిబంధనలు చూద్దాం. ఎవరు ఏ దేశానికి ఆడాలన్నది ఫిఫా, అంటే ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య, రెండు మెట్లలో తేలుస్తుంది. మొదట ఆ దేశపు పౌరసత్వం ఉండాలి. కొత్తగా పౌరసత్వం తీసుకున్నవాడైతే, అక్కడ పుట్టి ఉండాలి, లేదా తల్లో తండ్రో, తాతో అవ్వో అక్కడ పుట్టి ఉండాలి, అదీ కాకపోతే సాధారణంగా ఐదేళ్లు అక్కడ నివసించాలి. అంటే ఫిఫా దృష్టిలో రక్తసంబంధం తాతల దగ్గర ఆగిపోతుంది. మారిషస్ తెలుగువారికి తాతలు కూడా సాధారణంగా మారిషస్‌లోనే పుట్టారు. 2024 మార్చిలో రాష్ట్రపతి మారిషస్ వెళ్లి, ఏడో తరం వారికి కూడా ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివారికిచ్చే) కార్డు ఇస్తామని ప్రకటించారు. మంచిదే, కానీ ఓసీఐ పౌరసత్వం కాదు. ఆ కార్డుతో దేశానికి ఆడటానికి కేంద్రం 2008 నుంచి ఒప్పుకోవడం లేదు.

మనది ద్వంద్వ పౌరసత్వం లేని దేశం. అందుకే అరాటా ఇజుమి (తండ్రి గుజరాతీ, తల్లి జపనీస్) జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో మన జట్టుకు ఆడాడు. 2025లో ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకున్నాడు. అతని తల్లి ముంబైలో పుట్టింది, తాత 1950ల్లో బొంబాయికి సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ) ఆడాడు. అటు బంగ్లాదేశ్ చూడండి. ఇంగ్లండ్‌లో పుట్టి, ఇంగ్లండ్ అండర్-21కు ఆడిన హమ్జా చౌధురి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంచుకునే, 2025 మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్ తరఫున మన మీదే తొలి మ్యాచ్ ఆడాడు. 0-0. అదే ఏడు నవంబరులో ఢాకాలో మనం వాళ్లకు 1-0తో ఓడాం.

క్విజ్ మార్కు మీద నా దగ్గర చట్టం లేదు.

మధురవాడ ప్రేక్షకుడు:
మా పక్కన క్రికెట్ మ్యాచ్ ఉన్నప్పుడు ఫుట్‌బాల్ గురించి ఇంత పొడుగు రాసేవాళ్లు విశాఖలో ఉన్నారని తెలిసి సంతోషం. కొనసాగించండి.

రైల్వే గ్రౌండు కోచ్:
అందరూ ధొరసూ ఇంటిపేరు గురించే మాట్లాడుతున్నారు. ఆ మనిషి గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

2006 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ కప్ ఫైనల్. ప్రత్యర్థి మార్సెయ్, అంటే పారిస్‌కు బద్ధ శత్రువు. దూరం నుంచి ధొరసూ కొట్టిన షాట్ గోల్‌కీపర్‌ను దాటి లోపలికి వెళ్లింది, పారిస్ 2-1తో గెలిచింది. రెండు నెలలకు ప్రపంచకప్‌లో బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చుని ఏడవలేదు. ఒక దర్శక మిత్రుడు ఇచ్చిన చిన్న సూపర్ ఎయిట్ ఫిల్మ్ కెమెరాతో హోటల్ గదిని, తన ఎదురుచూపును చిత్రించుకున్నాడు. అది సినిమాగా వచ్చింది. జట్టు ఫైనల్‌కు వెళ్లింది, ఇతను దిగలేదు. అదే ఏడు అక్టోబరులో క్లబ్బు కోచ్‌ను బాహాటంగా విమర్శించాడని పారిస్ క్లబ్బు ఉద్యోగం తీసేసింది. ఆట మానేశాక స్వలింగ సంపర్కుల ఫుట్‌బాల్ క్లబ్బు పక్షాన నిలబడ్డాడు, 2020లో వామపక్షం తరఫున పారిస్ మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేశాడు.

‘మన తెలుగు తేజం’ అని ఫోటో పెట్టేవారు ఈ సగం ఎప్పుడూ రాయరు. మనవాడు అనుకుంటే మొత్తం మనిషిని తీసుకోవాలి, నోరున్న మనిషిని. ఇక్కడ నోరున్న కుర్రవాడిని సెలక్షన్‌కు పిలుస్తారా? నా దగ్గర లెఫ్ట్ వింగ్ ఆడే పిల్లవాడు ‘సార్, నన్ను ఎందుకు తీయలేదు?’ అని ఒక సెలక్టరును అడిగాడు. అంతే, మళ్లీ పిలుపు లేదు. నేను పిల్లల్ని ఆడించే మైదానానికి పెళ్లిళ్ల సీజనులో తాళం పడుతుంది. అప్పుడు ఆటు సమయం చూసుకుని బీచ్‌లో తడి ఇసుక మీద ఆడిస్తాను, గోల్‌పోస్టులకు చెప్పుల జతలు. వాటి మధ్య నుంచి ప్రపంచకప్‌కు దారి లేదు. ఎక్కడో దారి దొరికినవాడిని మాత్రం పేరు చూసి పట్టుకుంటాం.

కొండదిగువ, సింహాచలం:
కోచ్ గారూ, ఆ నోరున్న మనిషి నాకు ఇప్పుడు ఇంకా నచ్చాడు. తెలుగువాడని సాక్ష్యం ఇంతకంటే ఏం కావాలి!

పెదవాల్తేరు పాఠకుడు:
నవ్వించారు. కానీ నా మాట మారదు. ‘తెలుగు మూలాలున్న ఫ్రాన్స్ ఆటగాడు’ అని అడిగి ఉంటే గొడవే లేదు. ‘తెలుగువాడు’ అంటే పిల్లలు ఇక్కడ నుంచి ఒకడు వెళ్లాడనుకుంటారు. వెళ్లలేదు. ఇక్కడి నుంచి ఎవరూ వెళ్లలేదన్న సంగతే వాళ్లకు ముందు తెలియాలి.

ఎంవీపీ క్విజ్ మాస్టర్:
మార్కు ఉంచుతున్నాను. తెలుగు మూలం చరిత్ర, జెండా ఆయన ఇష్టం, రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని నేను అనుకోను. పెదవాల్తేరు గారి అభ్యంతరాన్ని జవాబుల కాగితం కింద అచ్చు వేయిస్తాను, పిల్లలే వాదించుకుంటారు.

రైల్వే గ్రౌండు కోచ్:
వేయించండి. ఇంతకీ ఆ జవాబు చెప్పింది ఎవరు? అంత ఫుట్‌బాల్ తెలిసిన పిల్లవాడిని ఆదివారం నా దగ్గరకు పంపండి.

ఎంవీపీ క్విజ్ మాస్టర్:
పిల్లవాడు కాదండీ, ఎనిమిదో తరగతి అమ్మాయి. పంపుతాను. తాళం ఉంటే ముందే ఫోను చేయండి.