బోస్టన్‌లో థ్రిఫ్ట్ స్టోర్ కోటు: కొనుక్కోవచ్చా? అమ్మ వద్దంటోంది

గుంటూరు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఎంఎస్ చదవడానికి ఆగస్టు ఆఖర్లో బోస్టన్ వస్తున్నాను. అక్కడి ఆల్‌స్టన్ పేటలో నలుగురం కలిసి ఇల్లు మాట్లాడుకున్నాం, సెప్టెంబరు 1న దిగాలి. నాన్న లోను తీసుకుని పంపిస్తున్నారు. చలికోటు కొత్తదైతే రెండు వందల డాలర్ల పైమాటేనట. వాడేసిన బట్టలూ సామాన్లూ అమ్మే గుడ్‌విల్ లాంటి థ్రిఫ్ట్ స్టోర్‌లో ఇరవై, ముప్పైకి దొరుకుతుందని సీనియర్ చెప్పాడు. ఇంట్లో ఆ మాట అనగానే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎవరు తొడిగి విడిచారో, ఉన్నారో పోయారో తెలియని బట్టలు నీకేం ఖర్మరా, నా గాజులు తాకట్టు పెడతాను" అంది. ఆ గాజులు తాకట్టుకి పోవడం నాకిష్టం లేదు. అక్కడున్నవాళ్ళు చెప్పండి. ఏవి కొనొచ్చు, ఏవి కొనకూడదు? అమ్మకి ఏం చెప్పను?

తెనాలి_ఆడపడుచు:
తమ్ముడూ, కోటు నిస్సందేహంగా కొనుక్కో. నా మొదటి కోటు అలాంటి షాపుదే. నల్లటి ఉన్నికోటు, 22 డాలర్లు. ఏడు చలికాలాలు వేసుకున్నాను. ఆ తర్వాత కొత్తవి కొన్నా దానంత వెచ్చగా ఒక్కటీ లేదు. ఇంటి నుంచి చలిజాకెట్టు మాత్రం మోసుకురాకు, ఇక్కడి చలికి చాలదు. ఇక్కడ జనవరి రాత్రుళ్ళు సున్నాకి కింద ఐదారు డిగ్రీలుండటం మామూలు, దానికి సముద్రపు గాలి తోడు.

కొనేటప్పుడు తొందరపడకు. ముందు మెడ వెనక చీటీ చదువు, ఉన్ని ఎంత శాతమో రాసి ఉంటుంది. కోటు తిరగేసి లైనింగు, చంకల కుట్లు చూడు. జిప్పు మూడుసార్లు కిందికీ పైకీ లాగు. ఉన్నిదైతే ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకుంటే పురుగు కొట్టిన చిల్లులు తెలుస్తాయి. వాసన చూడు: కలరా ఉండల వాసన నాలుగు రోజులు గాలికి వేలాడదీస్తే పోతుంది, సిగరెట్టుదీ బూజుదీ పోదు. లోపల స్వెట్టరుతోనే తొడిగి చూడు. సెప్టెంబరులోనే వెళ్ళు, మంచు పడ్డాక అందరూ కోట్ల మీదే పడతారు. మన బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక్కో బట్ట 175 డాలర్ల లోపుంటే సేల్స్ టాక్స్ ఉండదు, గిన్నెలకీ కుర్చీలకీ మాత్రం 6.25 శాతం పడుతుంది. కొన్ని షాపుల్లో వారానికో రంగు చీటీ మీద సగం ధర తగ్గిస్తారు, అడిగి తెలుసుకో.

ఇంటికి తెచ్చాక నూలు బట్టలు వేడినీళ్ళలో ఉతికి, డ్రయ్యరులో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పు. ఉన్నికోటు అలా వెయ్యకు, కుంచించుకుపోతుంది. డ్రైక్లీనింగుకిచ్చెయ్.

వంటింటికి అన్నిటికన్నా ముందు వెతకాల్సింది పోత ఇనప పెనం. తుప్పు పట్టిందని వదలకు, తోమితే పోతుంది. వేలితో కొట్టి చూడు, ఖంగున మోగాలి. డొల్లగా పలికితే ఎక్కడో పగులుంది. నూనెలో ముంచిన ఉల్లిపాయ ముక్కతో రుద్దుతూ నాలుగు వాయలు పోస్తే, ఐదో దోసె అంచులు వాటంతట అవే లేస్తాయి. నాది ఎనిమిది డాలర్ల పెనం. పెసరట్లు దాని మీద తప్ప పొయ్యను. గీతలు పడ్డ నాన్‌స్టిక్ వద్దు. రంగుల పూలున్న పాత పింగాణీ కంచాల్లో అన్నం తినకు, ఆ రంగుల్లో సీసం ఉండొచ్చు. కుక్కరు ఇంటి నుంచి తెచ్చుకో. మిక్సీ తేకు, ఇక్కడ కరెంటు 120 వోల్టులే, మన మిక్సీకి చాలదు.

ఇంకో ముఖ్యమైన మాట. సెప్టెంబరు 1న మీ ఆల్‌స్టన్‌లో అద్దెకున్నవాళ్ళు చాలామంది ఒకేసారి ఇళ్ళు మారతారు. సోఫాలు, పరుపులు రోడ్డు మీద కుప్పలుగా పడి ఉంటాయి, 'ఆల్‌స్టన్ క్రిస్మస్' అంటారు దాన్ని. చెక్క బల్ల, ఇనప కుర్చీ తెచ్చుకో. పరుపూ సోఫా ఎంత బాగున్నా ముట్టుకోకు. మా రూమ్మేట్లు ఒక సోఫా మోసుకొచ్చారు, దాంతో నల్లులొచ్చాయి. చిన్నప్పుడు అమ్మమ్మ నవారుమంచం ఎండలో వేసి, మంచం కోళ్ళ సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసేది. ఇక్కడ ఆ ఎండ ఎక్కడిది? మూడు నెలలు నిద్రల్లేవు, తలా నాలుగొందల డాలర్లు వదిలాయి.

ఇక అమ్మ సంగతి. ఆవిడ బాధలో తప్పేం లేదు తమ్ముడూ, వాదించకు. నన్ను కూడా మా అమ్మ ఇదే మాట అడిగింది. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేదానివి కదమ్మా, ఆ చీరలు ఎవరో ఒకరు కట్టుకునే ఉంటారు, మనం కట్టినవని వాళ్ళకేమైనా కీడు జరిగిందా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తనూ వాళ్ళక్క పరికిణీలే కట్టుకు పెరిగానని తనే అంది తర్వాత. ఇంకోటి కూడా చెప్పు: గుడ్‌విల్ పుట్టింది ఆ బోస్టన్‌లోనే, 1902లో. హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు ఉన్నవాళ్ళ ఇళ్ళ నుంచి పాతబట్టలు పోగుచేయించి, పనిలేని పేదల చేత, వలస వచ్చినవాళ్ళ చేత బాగుచేయించి అమ్మించాడు. ఆ పనే వాళ్ళకి కూడు పెట్టింది.

డల్లాస్_బావ:
అక్కగారు అన్నీ చెప్పేశారు. పిల్లలున్నవాళ్ళెవరైనా చదువుతుంటే ఒక్క మాట. పిల్లల కారుసీటు సెకండ్‌హ్యాండ్‌లో కొనకండి. అది యాక్సిడెంటులో ఉందో లేదో తెలియదు, పైగా దానికి గడువు తేదీ ఉంటుంది. ఒక వైపు కమ్మీ కిందికి జారే పాత పసిపిల్లల మంచాలు కూడా వద్దు, పసిపిల్లలు ఇరుక్కుని చనిపోయారని 2011 జూన్ నుంచి వాటి అమ్మకమే నిషేధించారు. బొమ్మలు, బొమ్మల పుస్తకాలు మాత్రం ధైర్యంగా కొనండి, మా పాప పుస్తకాల్లో సగం అలా వచ్చినవే.

గుంటూరు_కుర్రాడు:
అక్కా, మీరు రాసింది అమ్మకి మొత్తం చదివి వినిపించాను. స్టీలు గిన్నెల దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. మా వంటింటి గట్టు మీద అలా తీసుకున్న బేసిను ఇప్పటికీ ఉంది. రాత్రి ఏమీ అనలేదు. పొద్దున సూట్‌కేసులో పసుపు పొట్లం పెట్టింది. కోటు ఉతికించాక లోపలి మూలకి పసుపు రాసి, దేవుడి పటం ముందు ఒక్క రాత్రి ఉంచి వేసుకోమంది. సెప్టెంబరులో ఒక శనివారం మీకు వీలైతే నేనూ మీతో ఆ షాపుకి రావచ్చా? ఇనప పెనం మోగించి చూడటం నాకు రాదు.

తెనాలి_ఆడపడుచు:
రా తమ్ముడూ, రెండో శనివారం. పొద్దున్నే రావాలి. అమ్మ చెప్పినట్టే పసుపు రాయి.