లెట్రోజోల్ మొదలయ్యాక ఒళ్లు నొప్పులు, నిద్ర లేదు

ప్రశ్న (గుంటూరు):
రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ అయిపోయి 5 నెలలు. ఇప్పుడు క్యాన్సర్ మళ్లీ రాకుండా లెట్రోజోల్ అనే హార్మోన్ మందు మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి పాల ప్యాకెట్ కూడా కత్తిరించలేకపోతున్నా. రాత్రి రెండింటికి ఒళ్లంతా ఆవిర్లతో మెలకువ, ఇక తెల్లారేదాకా ఫ్యాన్ వంక చూడటమే. మాత్ర మానేద్దామనిపిస్తోంది. మీకెవరికైనా ఇలా అయిందా?

జవాబు (విజయవాడ):
అక్కా, మీ అంతట మీరు మానేయకండి. ఈ మాత్రతో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోవడం వల్ల వచ్చే నొప్పులివి. మా డాక్టరుగారు నాకు కొన్నాళ్లు ఆపి, అదే కోవలో వేరే మందు రాశారు, నయమే. దాంతోపాటు బందరు కాలువ గట్టున రోజూ అరగంట నడక. మొదటి పది రోజులు ఏడుపొచ్చింది, తర్వాత మోకాళ్లు వదులయ్యాయి.

ఇంకో జవాబు:
విటమిన్ డి, ఎముకల బలం చూసే డెక్సా పరీక్ష అడగండమ్మా. నేను మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కాఫీ మానేశాకే నిద్ర కుదిరింది.

ప్రశ్న వేసినవారు:
సోమవారం డాక్టరుగారిని అడుగుతాను చెల్లీ. మాత్ర ఇందాకే వేసుకున్నా.